గేమ్ టీషర్టులు, కార్డులు, బొమ్మలు: మన దగ్గర ఒరిజినల్ ఎందుకు కనపడదు, డూప్లికేట్ కొంటే నష్టం ఏంటి?

మీరు అడిగింది ఏంటంటే, ఇంటర్ చదివే తమ్ముడికి గేమ్స్ అంటే ప్రాణం, పుట్టినరోజుకి ఏదైనా గేమ్ బొమ్మ ఉన్న హుడీయో బొమ్మో కొందామనుకుంటున్నారు, కోఠిలో మూడొందలకి దొరికేదే ఆన్‌లైన్‌లో అఫీషియల్ అని పదిహేను వందలు చెప్తున్నారు, అసలు తేడా ఉందా లేక పేరుకి డబ్బులు గుంజుతున్నారా, డూప్లికేట్ కొంటే చట్టంతో ఏమైనా ఇబ్బందా అని. సూటిగా చెప్పాలంటే తేడా ఉంది, కానీ అన్నిట్లో ఒకేలా లేదు. హుడీ డూప్లికేట్ అయితే మీ తమ్ముడికి పెద్దగా పోయేదేం లేదు, నాలుగు ఉతుకులకి ప్రింట్ పగుల్తది అంతే. అదే చిన్నపిల్లల బొమ్మలు, ట్రేడింగ్ కార్డులు (పిల్లలు పోగేసి, మార్చుకుని ఆడే కార్డులు), కంట్రోలర్లు (చేత్తో పట్టుకుని గేమ్ ఆడే పరికరం) అయితే మాత్రం బాగా ఆలోచించాలి. అన్నిటికంటే ఘోరం డూప్లికేట్‌ని ఒరిజినల్ రేటుకి కొనడం, దాని గురించి కింద చెప్తా.

నేను కొన్నేళ్ళు లైసెన్స్‌డ్ సరుకు, అంటే గేమ్ కంపెనీ పర్మిషన్‌తో దాని బొమ్మలు వేసిన సరుకు (టీషర్టులు, మగ్గులు, కీచైన్లు, పోస్టర్లు) షాపులకి వేసే ఒక చిన్న కంపెనీలో సేల్స్ చేశా. తెలంగాణ మొత్తం, ఇటు విజయవాడ, గుంటూరు, వైజాగ్ వరకు తిరిగేది నేనే. కాబట్టి షాపు కౌంటర్‌కి అటువైపు ఏం జరుగుద్దో కొంచెం తెలుసు.

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి, మన దగ్గర గేమింగ్ మొదలైందే డూప్లికేట్‌తో. తొంభైల్లో, రెండువేల మొదట్లో మన ఇళ్ళల్లో టీవీకి పెట్టుకుని ఆడింది చాలావరకు నింటెండో అనే గేమ్ కంపెనీ 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్ గేమ్ మెషీన్‌కి నకళ్ళే, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో వచ్చేవి, పసుపు రంగు క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని రాసి ఉండేది, లోపల చూస్తే అదే మారియో, అదే కాంట్రా మళ్ళీ మళ్ళీ. అసలు కంపెనీ డబ్బా కళ్ళతో చూసినోళ్ళు ఎంతమంది మన ఊళ్ళల్లో? అదే కంపెనీ గేమ్ మెషీన్ నింటెండో స్విచ్ 2017లో ప్రపంచమంతా వచ్చింది, మన దేశంలో మాత్రం కంపెనీ అఫీషియల్‌గా లాంచ్ చెయ్యలేదు, దొరికిందంతా బయట్నుంచి తెచ్చి అమ్మినదే. గేమే సరిగ్గా అమ్మని చోట దాని బొమ్మలు, టీషర్టులు ఎవరు పట్టుకొస్తారు? అందుకే మన జనాలకి ఒరిజినల్ అంటే విలువ తెలీదు అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తది. తెలియాలంటే ముందు కంటికి కనపడాలి కదా.

పబ్జీ టైమ్ గుర్తుందా. 2018లో మొబైల్ వెర్షన్ వచ్చాక ఏడాది తిరిగేసరికి ఆ గేమ్‌లోని లెవల్ త్రీ హెల్మెట్ కీచైన్ లేని బండి తాళం లేదు. కోఠి, సుల్తాన్ బజార్, చార్మినార్ ఫుట్‌పాత్‌లు, విజయవాడ బీసెంట్ రోడ్, ఊళ్ళల్లో తిరనాళ్ళలో కూడా చికెన్ డిన్నర్ (గేమ్‌లో గెలిస్తే వచ్చే మాట) టీషర్టులే. అప్పుడు నేను షాపులకి వెళ్తే ఒక్కటే మాట, అన్నా పబ్జీ ఉందా, పబ్జీ ఉంటే వెయ్, మిగతావి నాకొద్దు. జనంలో అంత గిరాకీ ఉన్నప్పుడు నేను తిరిగిన బజార్లలో లైసెన్స్ ఉన్న పీస్ ఒక్కటి కూడా కనపడలేదు, మొత్తం డూప్లికేటే. ఆ తర్వాత 2020 సెప్టెంబర్ 2న గేమ్‌నే బ్యాన్ చేశారు. 2021 జులైలో మన దేశం కోసం బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది, 2022 జులై చివర్లో మళ్ళీ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. మధ్యలో 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే ఇంకో గేమ్ కూడా బ్యాన్ అయింది.

ఇప్పుడు దీన్ని లైసెన్స్ తీసుకునేవాడి వైపు నుంచి చూడండి. లైసెన్స్ అంటే గేమ్ కంపెనీకి ముందే కొంత మొత్తం కట్టాలి, దాన్ని మినిమమ్ గ్యారంటీ అంటారు, సరుకు అమ్ముడైనా కాకపోయినా ఆ డబ్బు వాళ్ళదే. దానిపైన హోల్‌సేల్ రేటు మీద రాయల్టీ, మామూలుగా పది శాతానికి అటూ ఇటూ ఉంటది, పెద్ద పేరైతే ఇంకా ఎక్కువ. డిజైన్ మన ఇష్టం కాదు, వాళ్ళు స్టైల్ గైడ్ ఇస్తారు, ఏ రంగు వాడాలి, లోగో పక్కన ఎంత ఖాళీ వదలాలి, క్యారెక్టర్ చేతిలో ఏ ఆయుధం ఉండాలి అన్నీ అందులో ఉంటయ్. డిజైన్ పంపాలి, వాళ్ళు ఒప్పుకోవాలి, తర్వాత శాంపిల్ పంపాలి, అదీ ఒప్పుకోవాలి, అప్పుడు ప్రొడక్షన్. ఒకసారి మేము పంపిన మగ్గు శాంపిల్‌లో పచ్చ రంగు కొంచెం ముదురుగా వచ్చిందని వెనక్కి కొట్టారు, అది సరిచేసి మళ్ళీ ఓకే తెచ్చుకునేలోపు దసరా సీజన్ కాస్తా అయిపోయింది. ఇన్ని దాటుకుని, రెండు మూడేళ్ళ కాంట్రాక్ట్ మీద డబ్బు పెట్టి, రేపు పొద్దున గేమ్ ఉంటదో పోతదో తెలియని చోట ఎవడు ముందుకొస్తాడు?

డూప్లికేట్ వేసేవాడికి ఇవేవీ లేవు. తిరుపూర్ నుంచి ప్లెయిన్ టీషర్టులు కిలోల లెక్కన కూడా వస్తయ్, డీటీఎఫ్ ప్రింటర్ (బొమ్మని ఫిల్మ్ మీద ప్రింట్ తీసి వేడితో బట్టకి అంటించేది) ఒకటి ఉంటే చాలు, నెట్‌లో బొమ్మ తీసుకుని పొద్దున ప్రింట్ తీసి సాయంత్రానికి షాపులో వేలాడదీస్తాడు. పది పీసులు కావాలన్నా వేస్తాడు, వంద కావాలన్నా వేస్తాడు. పాత స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో ఫ్రేమ్ చెయ్యాల్సొచ్చేది కాబట్టి తక్కువ పీసులకి గిట్టుబాటు అయ్యేది కాదు, డీటీఎఫ్ వచ్చాక ఆ అడ్డు కూడా పోయింది. గేమ్ బ్యాన్ అయితే రేపు ఇంకో బొమ్మ.

కోఠిలో ఒక గిఫ్ట్ షాపాయన ఉండేవాడు, చాలా మంచి మనిషి, వెళ్తే కూర్చోబెట్టి చాయ్ తెప్పించేవాడు. ఆయన నాకు ఈ వ్యాపారం మొత్తం రెండు కీచైన్లు చేతిలో పెట్టి చూపించాడు. "అన్నా, ఇది మీది, ఎమ్మార్పీ రెండొందల తొంభై తొమ్మిది, నాకు ముప్పై శాతం మిగుల్తది, కానీ డబ్బులు ముందు కట్టాలె, అమ్ముడుపోకుంటే వాపస్ తీసుకోరు. ఇది బేగం బజార్ది, ఇరవై రూపాయలకి వస్తది, ఎనభైకి అమ్ముతా, నెల రోజులు ఉద్దెర ఇస్తడు, పోనివి వాపస్ తీసుకుంటడు. నా జాగాలో నువ్వుంటే ఏది పెడ్తవ్ చెప్పు?" నేను క్వాలిటీ గురించి చెప్పా, నిజంగానే మా దాంట్లో మెటల్ బరువుగా ఉంటది, ఎనామిల్ రంగు అంచు దాటదు, రింగ్ దగ్గర అతుకు కనపడదు, అవతలిది గోటితో గీకితే రంగు లేచొస్తది. ఆయన ఒప్పుకున్నాడు కూడా. కానీ కాలేజ్ పిల్లోడు జేబులో వంద పెట్టుకుని వస్తాడు, వాడికి చూపించడానికి నా దగ్గర వంద లోపు వస్తువే లేదు. నా దృష్టిలో అసలు రోగం ఇక్కడే ఉంది. ఒరిజినల్ చాలావరకు మాల్స్‌లో, ఆన్‌లైన్‌లో, వెయ్యికి పైన ఉంటది, బజార్లో రెండొందల లోపు మొత్తం డూప్లికేట్ ఉంటది, మధ్యలో రెండొందల నుంచి ఐదొందల దాకా ఒరిజినల్ దాదాపు కనపడదు. తక్కువ రేటుకి ఒరిజినల్ పెట్టిన కంపెనీలకి గిరాకీ ఉంది, మేము ఒక సీజన్‌లో నూట యాభైకి లైసెన్స్‌డ్ స్టిక్కర్ ప్యాక్ తెచ్చినప్పుడు అదే కోఠి ఆయన తనంతట తాను ఫోన్ చేసి మళ్ళీ ఆర్డర్ పెట్టాడు.

బొమ్మల దగ్గరికొస్తే రేటు ఎక్కువుండటానికి ఇంకో కారణం సుంకం. విదేశీ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి పెంచారు, 2023 బడ్జెట్‌లో 70 చేశారు. దాంతోపాటు 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. ఆ నియమం పిల్లల భద్రత కోసం పెట్టింది, అది ఉండాల్సిందే, నేను దాని పక్షమే. చిన్నపిల్లలు బొమ్మని నోట్లో పెట్టుకుంటారు, డూప్లికేట్ బొమ్మ మీద ఏ పెయింట్ వేశారో, అందులో సీసం ఉందో లేదో చూసేవాడు ఎవడూ లేడు. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఐఎస్ఐ మార్క్, దానికింద లైసెన్స్ నంబర్ చూడకుండా కొనకండి, ఆ నంబర్ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో చూపిస్తది.

పోకెమాన్ కార్డుల సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇప్పుడు ప్రతి స్టేషనరీ షాపులో బంగారు రంగు కార్డుల డబ్బా కనపడుతోంది, 55 కార్డులు, మెరిసిపోతూ. అవి కార్డులే కావు, ప్లాస్టిక్ ముక్క మీద రేకు. అసలు కంపెనీ ప్యాక్‌లో మామూలుగా పది కార్డులు వస్తయ్. మా అక్క కొడుకు ఐదో తరగతిలో ఈ బంగారు కార్డులు పోగేసి, ఒకరోజు కాలనీలో పెద్ద పిల్లలు ఆడే చోటుకి తీసుకెళ్ళాడు. వాళ్ళు చూసి ఇవి చెల్లవురా అన్నారు. వాడు ఇంటికొచ్చి అన్నం తినలేదు. వాడి దగ్గర ఒకే ఒక్క ఒరిజినల్ ఉంది, వాళ్ళ నాన్న ఫ్రెండ్ బయట దేశం నుంచి తెచ్చినది, అది, బజార్లో కొన్న పేపర్ కార్డు ఒకటి తీసుకుని ఇద్దరం ట్యూబ్‌లైట్ కింద కూర్చున్నాం. అసలు కార్డు రెండు పొరల మధ్య నల్లటి పొర ఉంటది, అంచు మీద దగ్గరగా చూస్తే సన్నటి నల్ల గీత కనపడతది, వెనకనుంచి ఫోన్ టార్చ్ వేస్తే వెలుగు దాదాపు బయటికి రాదు. నకిలీది పెడితే బల్బులా వెలిగిపోయింది. వెనక నీలం రంగు అసలుదాంట్లో లోతుగా ఉంటది, నకిలీలో పాలిపోయినట్టు, ఒక్కోసారి వంకాయ రంగుకి తిరిగి ఉంటది. ఇంగ్లీష్‌లో పోకెమాన్ (Pokémon) అనే పేరులో మొదటి 'e' అక్షరం మీద చిన్న గీత ఉంటది, చాలా నకిలీల్లో అదే మర్చిపోతారు. కార్డు మీద హెచ్‌పీ (ఆ క్యారెక్టర్ ప్రాణశక్తి) అంకె అసంభవంగా పెద్దగా ఉన్నా, అక్షరాలు లావుగా ఉన్నా పక్కన పెట్టెయ్యొచ్చు. ఇవన్నీ చూశాక వాడే మిగతా పిల్లల కార్డులు టార్చ్ పెట్టి చూడ్డం మొదలుపెట్టాడు. పిల్లలకి తేడా చూపిస్తే వాళ్ళకి పట్టింపు వస్తది, నాకు అనుభవంలో తెలిసింది ఇది.

ఇక డూప్లికేట్‌ని ఒరిజినల్ రేటుకి అమ్మడం. బజార్లో ఫస్ట్ కాపీ, మాస్టర్ కాపీ అని చెప్పే అమ్ముతారు, మీకు తెలిసే కొంటారు. ఆన్‌లైన్‌లో అలా కాదు, పేజీ మీద అఫీషియల్ ఫొటో, రేటు ఒరిజినల్ కంటే రెండొందలు తక్కువ, డబ్బా విప్పాక తెలుస్తది. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ అప్పుడు దాదాపు ఆరు వేల వస్తువు, నా ఫ్రెండ్‌కి ఒక సైట్‌లో ఐదు వేలకి డూప్లికేట్ అంటగట్టారు. దాని హ్యాండిల్ వెనక గరుకుగా ఉండే చోట అసలుదాంట్లో జూమ్ చేసి చూస్తే ఆ గరుకంతా కంటికి ఆనని చిన్న చిన్న త్రికోణాలు, గుండ్రాలు, క్రాస్‌లు, చదరాలు, బటన్ల మీద గుర్తులే. వాడిదాంట్లో ఉత్త చుక్కలున్నయ్. నెలలోపే స్టిక్ ఒకవైపు లాగడం మొదలైంది, సర్వీస్ సెంటర్‌లో ముట్టుకోలేదు. రోబ్లాక్స్ అనే గేమ్ బొమ్మలైతే లోపల గేమ్‌లో వాడుకునే కోడ్ కాగితం రావాలి, కోడ్ లేకపోయినా, ముందే ఎవరో వాడేసినా అనుమానించాలి. ఫంకో పాప్ (పెద్ద తల, నల్ల కళ్ళతో ఉండే చిన్న బొమ్మలు) అనేవాటికి డబ్బా కింద, బొమ్మ మీద ముద్రించిన కోడ్ ఉంటది, నకిలీల్లో చాలాసార్లు బొమ్మ మీద ఏమీ ఉండదు, కళ్ళ నలుపు అంచు కూడా వంకరగా ఉంటది.

అన్నిటికీ పనికొచ్చే చిట్కా ఒకటుంది. బయట దేశం నుంచి చట్టప్రకారం వచ్చిన ఏ ప్యాక్ మీదైనా దిగుమతిదారు పేరు, అడ్రస్, ఏ దేశంలో తయారైంది, ఎమ్మార్పీ, నెల, సంవత్సరం స్టిక్కర్ ఉండాలి, 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లో ఉంది అది. నేను డబ్బా చేతికి రాగానే ముందు బొమ్మ వైపు కాదు, ఆ స్టిక్కర్ వైపు తిప్పుతా. స్టిక్కర్ లేదంటే నకిలీ అనే కాదు, ఎవరో సూట్‌కేస్‌లో తెచ్చిన అసలు సరుకు కూడా అయ్యుండొచ్చు, కానీ అప్పుడు వారంటీ, బిల్లు ఆశ పెట్టుకోవద్దు.

చట్టం సంగతి కూడా అడిగారు కదా. సొంతానికి ఒకటి కొని వాడుకున్నందుకు మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టంలో 103, 104 సెక్షన్లు తయారుచేసేవాడికి, అమ్మేవాడికి వర్తిస్తయ్, ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. బొమ్మ, క్యారెక్టర్ కాపీ కొడితే 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద కూడా అదే లెక్క. అందుకే ఎవరైనా మీ తమ్ముడికి ఇరవై పీసులు తెచ్చి ఇన్‌స్టాలో అమ్ము, పాకెట్ మనీ వస్తది అని సలహా ఇస్తే వద్దని గట్టిగా చెప్పండి, అక్కడ కొనేవాడు కాస్తా అమ్మేవాడు అయిపోతాడు. దాడులు మాత్రం చాలావరకు హక్కుదారు కంపెనీ ఫిర్యాదు చేస్తేనే జరుగుతయ్, డీఎస్పీ స్థాయి అధికారి వారెంట్ లేకుండా కూడా సోదా చెయ్యొచ్చు కానీ ముందు ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. పోర్టుల దగ్గర 2007 నాటి రూల్స్ ప్రకారం కంపెనీ తన మార్క్ కస్టమ్స్‌లో నమోదు చేసుకుంటే నకిలీ సరుకు ఆపుతారు, మన దేశంలో ఆఫీసే లేని గేమ్ కంపెనీలు ఎన్ని ఆ పని చేస్తయ్ చెప్పండి. దాడి జరిగితే దొరికేది చివర్లో ఉన్న ఫుట్‌పాత్ కుర్రోడు, ప్రింట్ వేసినోడు, కంటైనర్ తెప్పించినోడు దొరకరు. నాకు బాధ కలిగించే విషయం ఇది.

ఎవరికి నష్టం అంటే, పెద్ద కంపెనీలకి మన బజార్లో మూడొందల హుడీ వల్ల ఏమీ కాదు. చిన్న స్టూడియోలకి అవుతది. హాలో నైట్ గేమ్ చేసిన టీమ్ చెర్రీ ఆస్ట్రేలియాలో గుప్పెడు మంది, స్టార్‌డ్యూ వ్యాలీ మొదట 2016లో వచ్చినప్పుడు దాన్ని ఒకే ఒక్క మనిషి చేశాడు, అమాంగ్ అస్ 2018లో వచ్చి 2020లో ఒక్కసారిగా పేలినప్పుడు దాని టీమ్ చాలా చిన్నది. అలాంటివాళ్ళకి టీషర్ట్, మెత్తటి ప్లష్ బొమ్మ అమ్మకం అంటే ఇంకో గేమ్ చెయ్యడానికి దారి. 2020 చివర్లో మన బజార్లలో అమాంగ్ అస్ బొమ్మలు కుప్పలుగా వచ్చినయ్, వాటిల్లో వాళ్ళకి ఒక్క రూపాయి వెళ్ళినవి నేనైతే చూడలేదు. హాలో నైట్, స్టార్‌డ్యూ వ్యాలీ అఫీషియల్ సరుకు అమెరికాలో ఫ్యాన్‌గేమర్ అనే సంస్థ అమ్ముతది, చాలా బాగుంటది, కానీ అక్కడ్నుంచి తెప్పిస్తే పోస్టేజ్, సుంకం కలిపి వస్తువు రేటుని దాటిపోవచ్చు. ముగ్గురు నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒకే ఆర్డర్ పెడితే పోస్టేజ్ కొంత తగ్గుద్ది.

హైదరాబాద్ కామిక్ కాన్ అనే కామిక్స్, గేమ్స్ అభిమానుల మేళాలో ఆర్టిస్టుల బల్లలు ఉంటయ్, మన పిల్లలే సొంతంగా గీసిన స్టిక్కర్లు, ప్రింట్లు అమ్ముతారు. పర్మిషన్ లేకుండా వేరేవాళ్ళ క్యారెక్టర్ గీసి అమ్మితే అది కూడా చట్టప్రకారం పూర్తిగా సరైంది కాదు. కానీ నేను దాన్ని, కంపెనీ బొమ్మని యథాతథంగా ప్రింట్ కొట్టి వేలల్లో అమ్మేదాన్ని ఒక గాటన కట్టను, అక్కడ ఒక చెయ్యి పనిచేసింది, ఒక కన్ను చూసింది. వాళ్ళ సొంత క్యారెక్టర్లు కూడా పక్కనే పెట్టుంటారు, అవి కొనండి, చాలామంది బాగా గీస్తున్నారు.

మీ తమ్ముడి విషయానికి వస్తే, బడ్జెట్ ఐదొందల లోపు అయితే హుడీ మానెయ్యండి, ఆ రేటుకి అసలుది రాదు. వాడు ఏ గేమ్ ఆడతాడో కనుక్కుని దానికి లైసెన్స్ ఉన్న చిన్న వస్తువు, మగ్గో పిన్నో పోస్టరో కొనండి, లేదా ఆ గేమ్ స్టోర్ గిఫ్ట్ కార్డ్ ఇవ్వండి, అది నేరుగా గేమ్ చేసినోళ్ళకి వెళ్తది, నకిలీ గొడవ ఉండదు. పదిహేను వందలు పెట్టగలిగితే హుడీ కొనండి, కానీ అఫీషియల్ అనే మాట చూసి కాదు. లోపల మెడ దగ్గర లేబుల్ మీద గేమ్ కంపెనీ కాపీరైట్ లైన్, లైసెన్స్ తీసుకున్న కంపెనీ పేరు ఉండాలి, ట్యాగ్ మీద చాలావరకు హోలోగ్రామ్ ఉంటది, గేమ్ కంపెనీ సొంత సైట్‌లో పార్ట్‌నర్ల పేజీ ఉంటే అందులో ఆ పేరు ఉందేమో చూడండి. మార్కెట్‌ప్లేస్‌లో కొంటుంటే బ్రాండ్ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో అమ్మేవాడి పేరు చదవండి. డబ్బా విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీసి పెట్టుకోండి, బిల్లు దాచండి, నకిలీ అని తేలితే ముందు ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి, పలక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులో కూడా మాట్లాడతారు. నా ఫ్రెండ్ ఆ కంట్రోలర్ డబ్బులు అలాగే వెనక్కి తెచ్చుకున్నాడు, వీడియో ఉంది కాబట్టే.